కొలిన్ కౌంటీలో మన పన్నులు, రోడ్లు, బాండ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఆలెన్, ప్రాస్పర్, సెలైనా. డాలస్‌కి ఉత్తరాన ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఏప్రిల్ రాగానే ఒకటే గోల: అప్రైజల్ నోటీసు (ఇంటికి కట్టిన విలువ చెప్పే కాగితం) వచ్చిందా, ఎంత పెంచాడు, ఆ విలువ మీద అభ్యంతరం చెప్పే ప్రొటెస్ట్‌కి ఎవరిని పెట్టుకున్నారు? అదే ఆగస్టులో, పన్ను రేటు ఖాయం చేసే రోజుల్లో, వినాయక చవితికి పత్రి ఎక్కడ దొరుకుతుందన్న మెసేజీలు తప్ప మరో మాట కనబడదు. ఎంత వసూలు చేయాలి, దేనికి ఖర్చు పెట్టాలి అన్నది తేలేది మాత్రం ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లోనే. గ్రూపుల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకి జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాం.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదేనా?

హద్దుల వరకు అవును. కానీ ఇది కలెక్టర్ లేని జిల్లా. పైనుంచి ప్రభుత్వం పంపే అధికారి ఎవరూ ఉండరు. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. ప్రతి కౌంటీనీ నడిపేది ‘కమిషనర్స్ కోర్ట్’ అనే ఐదుగురి మండలి. ప్రీసింక్ట్‌లు అనే నాలుగు భాగాల నుంచి నలుగురు కమిషనర్లు, కౌంటీ మొత్తం ఓటేసి ఎన్నుకునే కౌంటీ జడ్జి ఒకరు. అందరికీ నాలుగేళ్ల పదవీకాలం. పేరు కోర్టే అయినా అక్కడ కేసులు నడవవు. బడ్జెట్, పన్ను రేటు, రోడ్లు, కాంట్రాక్టులు అక్కడ తేలతాయి. కొలిన్ కౌంటీ మండలి మెకిన్నీలో, బ్లూమ్‌డేల్ రోడ్డు మీదున్న జాక్ హాచెల్ అడ్మినిస్ట్రేషన్ బిల్డింగ్‌లో కూర్చుంటుంది.

షెరిఫ్, డిస్ట్రిక్ట్ అటార్నీ, కౌంటీ క్లర్క్, పన్ను వసూలు చేసే అధికారి కూడా విడివిడిగా ఎన్నికై వచ్చినవాళ్లే. షెరిఫ్‌కి కమిషనర్లు పని చెప్పలేరు. ఆయన అడిగిన డబ్బు ఇవ్వాలా, కొంత కోయాలా అన్నదొక్కటే వాళ్ల చేతిలో ఉంది.

ఇంకొక సంగతి. ఫ్రిస్కో అంతా కొలిన్‌లో లేదు. పడమటి భాగం డెంటన్ కౌంటీలోకి వస్తుంది. ప్రాస్పర్, సెలైనా కూడా అంతే. మీ బిల్లు మీద ఏ కౌంటీ పేరుందో ముందు చూసుకోండి. పక్కవీధి స్నేహితుడికి వర్తించింది మీకు వర్తించకపోవచ్చు.

నా పన్ను బిల్లులో కౌంటీ వాటా ఎంత?

అనుకున్నంత కాదు. 2023లో కొలిన్ కౌంటీ రేటు ప్రతి 100 డాలర్ల విలువకి 14.9343 సెంట్లు. మినహాయింపులు పక్కన పెడితే 6 లక్షల డాలర్ల ఇంటికి కౌంటీకి కట్టేది 896 డాలర్లు. అదే ఏడాది ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ రేటు డాలరు పైచిలుకు, ఫ్రిస్కో నగరానిది 43 సెంట్ల దగ్గర, కొలిన్ కాలేజీది 8 సెంట్ల పైన. అన్నీ కలిపిన మొత్తంలో కౌంటీ వాటా పదో వంతుకి కూడా రాదు.

బిల్లు చూసి కౌంటీని తిట్టుకునేవాళ్లు ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ వరుస చదవాలి. బిల్లు పంపేదీ, డబ్బు తీసుకునేదీ కౌంటీ పన్ను కార్యాలయమే కాబట్టి కోపమంతా దాని మీదకి పోతుంది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంబరపడి వచ్చినవాళ్లం కదా, ఆ లోటులో చాలా భాగం పూడ్చేది ఈ బిల్లే. జనవరి 31లోపు కట్టాలి, దాటితే జరిమానా, వడ్డీ.

ఇంటి విలువ పెంచేసింది కౌంటీయే కదా?

కాదు. విలువ కట్టేది కొలిన్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్. అది వేరే సంస్థ, దాని బోర్డు వేరు. 2023లో వచ్చిన చట్టం ప్రకారం 75,000 జనాభా దాటిన కౌంటీల్లో ఆ బోర్డులో ముగ్గురిని ఓటర్లే ఎన్నుకోవాలి. 2024 మే నెలలో తొలి ఎన్నిక జరిగింది. ఏప్రిల్‌లో అంత గోల చేసే మనలో ఎంతమందికి ఆ ఎన్నిక సంగతి తెలుసో!

ప్రొటెస్ట్‌కి గడువు మే 15, లేదా నోటీసు పంపిన నాటి నుంచి 30 రోజులు, ఏది తర్వాత వస్తే అది. మీరు ఉంటున్న ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు తీసుకుంటే పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగదు. కొన్న తొలి ఏడాదికి ఈ కట్టడి వర్తించదు. కొత్త ఇంటి వాళ్లు గుండె పట్టుకునేది అందుకే. స్కూల్ పన్నులో హోమ్‌స్టెడ్ మినహాయింపు 2023లో లక్ష డాలర్లయింది. 2025 నవంబర్‌లో ఓటర్లు దాన్ని 1,40,000 చేశారు.

“రేటు తగ్గించాం” అని కౌంటీ అంటోంది, బిల్లు చూస్తే పెరిగింది. ఎవరిది అబద్ధం?

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. కిటుకంతా ‘నో న్యూ రెవెన్యూ రేట్’ అనే అంకెలో ఉంది. నిరుడు ఉన్న ఆస్తుల మీద నిరుడు వచ్చినంత డబ్బే ఈ ఏడు కూడా రావాలంటే ఎంత రేటు వేయాలో చెప్పే అంకె అది.

లెక్క కోసం ఇలా అనుకుందాం. నిరుడు ఇల్లు 5 లక్షలు, రేటు 15 సెంట్లు, పన్ను 750 డాలర్లు. ఈ ఏడు అందరి ఇళ్ల విలువా పది శాతం పెరిగి మీది 5,50,000 అయింది. అదే 750 రావాలంటే 13.64 సెంట్లు చాలు. కౌంటీ 14.2 సెంట్లు పెట్టిందనుకోండి. రేటు 15 నుంచి తగ్గింది, పేపర్లో వార్త కూడా అలాగే వస్తుంది. మీరు కట్టేది మాత్రం 781. అంటే పన్ను పెరిగింది.

ఈ గారడీ టెక్సస్ చట్టం చేసినవాళ్లకీ తెలుసు. అందుకే నో న్యూ రెవెన్యూ రేటు కన్నా ఎక్కువ పెట్టాలనుకుంటే, తీర్మానం ప్రవేశపెట్టే సభ్యుడు “పన్ను రేటును పెంచాలని ప్రతిపాదిస్తున్నాను, ఇది వాస్తవానికి ఇంత శాతం పెంపు” అనే అర్థం వచ్చే వాక్యాన్ని చట్టంలో ఉన్నది ఉన్నట్టు పైకి చదవాలి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో సమావేశపు వీడియోలో చూడాల్సింది ఆ ఒక్క నిమిషమే. ఎంత శాతం అన్నారో విని, ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో రాసిపెట్టుకుంటే నాలుగేళ్ల తర్వాత ఎన్నికలప్పుడు పనికొస్తుంది.

పైకి ఒక గీత కూడా ఉంది. నిర్వహణ ఖర్చుల కోసం పాత ఆస్తుల మీద వచ్చే రాబడి 3.5 శాతం మించి పెరిగేలా రేటు పెడితే నవంబర్‌లో ఓటర్ల ముందుకి వెళ్లి తీరాలి. 2019లో చట్టం మార్చకముందు ఆ గీత 8 శాతం దగ్గర ఉండేది, ఎన్నిక కావాలంటే జనమే సంతకాలు సేకరించాల్సి వచ్చేది. కొత్తగా కట్టిన ఇళ్లు ఈ లెక్కలోకి రావు, బాండ్ల అప్పు తీర్చే భాగానికీ ఈ గీత లేదు. 2010లో 7,82,341గా ఉన్న జనాభా 2020 నాటికి 10,64,465కి పెరిగిన కౌంటీలో కొత్త ఇళ్ల రాబడి చిన్నది కాదు. “3.5 శాతం కట్టడి వల్ల చేతులు కట్టేసినట్టుంది” అని ఏ నాయకుడైనా అంటే, కొత్త ఇళ్ల నుంచి ఎంత వచ్చిందని కూడా అడగండి.

కమిషనర్లు మీటింగుకి రాకుండా పన్ను పెంపు ఆపొచ్చట, నిజమేనా?

నిజమే. మామూలు పనులకి ఐదుగురిలో ముగ్గురుంటే కోరం. పన్ను విధించడానికి మాత్రం నలుగురు హాజరు కావాలి. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో 2022లో ఇద్దరు కమిషనర్లు వరుసగా గైర్హాజరయ్యారు. గడువులోగా రేటు పెట్టలేక కౌంటీ నో న్యూ రెవెన్యూ రేటుతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అక్కడే 2019లోనూ ఇలాగే జరిగింది. దీన్ని కొందరు వీరోచితం అంటారు, కొందరు పని ఎగ్గొట్టడం అంటారు. మా మాట అడిగితే, వాదించి ఓడిపోయే కమిషనరు రాకుండా గెలిచేవాడి కన్నా మేలు.

మా వీధిలో గుంత పడింది. ఎవరికి చెప్పాలి?

కాలనీ లోపలి వీధులు, నగరం పేరుతో ఉన్న పార్క్‌వేలు నగరానివి. ఎఫ్‌ఎం, ఎస్‌హెచ్, యూఎస్ అక్షరాలు నంబరు ముందున్నవి రాష్ట్ర రవాణా శాఖవి. దాన్ని అందరూ టెక్స్‌డాట్ అంటారు. ప్రెస్టన్ రోడ్డు అనేది ఎస్‌హెచ్ 289, యూఎస్ 380 హైవేకి ఉత్తరాన కస్టర్ రోడ్డు అనేది ఎఫ్‌ఎం 2478. కాబట్టి అవి నగరం మధ్యలోంచే వెళ్తున్నా మేయర్‌ని నిలదీసి లాభం లేదు. ‘కౌంటీ రోడ్’ అని బోర్డు ఉన్నదే కౌంటీది. అవి ఎక్కువగా నగర పరిమితుల బయట, ఇంకా పొలాలున్న చోట కనబడతాయి.

380 విస్తరణ ఎవరి నిర్ణయం?

టెక్స్‌డాట్‌ది. ప్రాస్పర్, మెకిన్నీల మధ్య ఆ రోడ్డు మీద సాయంత్రం ఇంటికి చేరడమంటే ఏమిటో అక్కడుండేవాళ్లకి చెప్పక్కర్లేదు. మెకిన్నీని చుట్టి వెళ్లే బైపాస్ ఎటు పోవాలన్నది ఏళ్ల తరబడి తేలలేదు. ‘ఎ’ అన్న ముక్క వేస్తే మెకిన్నీ వైపు ఇళ్లవాళ్లకి కష్టం. ‘బి’ వేస్తే ప్రాస్పర్‌కి కష్టం, అక్కడ గుర్రాలతో దివ్యాంగులకి చికిత్స చేసే కేంద్రం దగ్గర్లోంచి పోతుంది. 2023 ఫిబ్రవరిలో టెక్స్‌డాట్ ‘ఎ’ వైపు మొగ్గింది, సెప్టెంబర్‌లో దానికి తుది ముద్ర పడింది.

ఇందులో కౌంటీ పాత్ర డబ్బు సాయం, ప్రాంతీయ చర్చల్లో తన మాట వినిపించడం. నిర్ణయం రాష్ట్రానిది, డబ్బులో ఒక పాయ మనది. ఇలాంటి పెద్ద రోడ్ల విషయంలో మాట్లాడాల్సిన సమయం టెక్స్‌డాట్ ప్రజాభిప్రాయం సేకరించే రోజుల్లోనే. ఎర్త్‌మూవర్లు వచ్చాక పిటిషన్ల మీద సంతకాలు పెట్టి ప్రయోజనం లేదు.

టోల్ డబ్బు కౌంటీకి వస్తుందా?

రాదు. డాలస్ నార్త్ టోల్‌వే, శామ్ రేబర్న్ టోల్‌వే నడిపేది నార్త్ టెక్సస్ టోల్‌వే అథారిటీ. దాని బోర్డులో తొమ్మిది మంది. కొలిన్, డాలస్, డెంటన్, టారంట్ కౌంటీల కమిషనర్స్ కోర్టులు చెరో ఇద్దరిని నియమిస్తాయి, గవర్నర్ ఒకరిని. అంటే టోల్ పెంచే చోట కూర్చున్న వాళ్లలో ఇద్దరు మన కమిషనర్లు పంపినవాళ్లే. ఈ గొలుసు తెలియక టోల్ మీద ఫిర్యాదులన్నీ గాల్లో కలిసిపోతుంటాయి.

పాత ముచ్చట ఒకటి. ఎస్‌హెచ్ 121ని టోల్ రోడ్డుగా (ఇప్పటి శామ్ రేబర్న్ టోల్‌వేగా) మార్చేటప్పుడు ముందు ఒక స్పానిష్ కంపెనీ ఎంపికైంది. 2007లో ఆ నిర్ణయాన్ని తిరగదోడి టోల్‌వే అథారిటీకే ఇచ్చారు. అందుకు అది ముందుగా కట్టిన సొమ్ము దాదాపు 320 కోట్ల డాలర్లు. ఆ సొమ్ము ఈ ప్రాంతంలోని ఇతర రోడ్లకి పోయింది. ఇవాళ మన టోల్‌ట్యాగ్‌లో కోతపడే ప్రతి డాలరులో ఆ బాకీ కూడా ఉంది.

బాండ్ ఎన్నిక అంటే ఏమిటి? అవునంటే పన్ను పెరుగుతుందా?

పెద్ద పనులకి అప్పు చేయడానికి ఓటర్ల అనుమతి తీసుకోవడం. 2018 నవంబర్‌లో కొలిన్ ఓటర్లు 75 కోట్ల డాలర్లకి సరేనన్నారు: టోల్ లేని హైవేలకి 60 కోట్లు, నగరాల్లోని ప్రధాన రోడ్లకి 14 కోట్లు, పార్కులకి 1 కోటి. 2023 నవంబర్‌లో ఐదు ప్రతిపాదనలు, మొత్తం 68.3 కోట్లు పెట్టారు. రోడ్లకి 38 కోట్లు, కోర్టు భవనాలకి 26.2 కోట్లు, పార్కులకి 2.2 కోట్ల పైన, శవపరీక్షల కేంద్రానికి 1.29 కోట్లు, జంతువుల షెల్టర్‌కి 57 లక్షలు.

రోడ్లకిచ్చిన డబ్బు చూసి అందరం తలూపుతాం. కోర్టులకి అంతెందుకు అన్న ప్రశ్న సహజం. జనం పెరిగితే విడాకులు, కంపెనీల తగాదాలు, ట్రాఫిక్ కేసులు అన్నీ పెరుగుతాయి. రాష్ట్ర శాసనసభ కొత్త కోర్టులు మంజూరు చేస్తుంది, వాటికి గది చూపించాల్సింది కౌంటీ. మనం వచ్చాం కాబట్టే ఆ ఖర్చూ వచ్చింది.

పన్ను సంగతికొస్తే, ఓటుతో వచ్చేది అప్పు చేసే అనుమతి మాత్రమే. బాండ్లన్నీ ఒకేసారి అమ్మరు. పని ముందుకెళ్లేకొద్దీ ఏళ్ల తరబడి విడతలుగా అమ్ముతారు. అప్పు తీర్చే సత్తాకిచ్చే మార్కుల్లో అన్నిటికన్నా పైదైన ట్రిపుల్ ఎ రేటింగ్ కొలిన్ కౌంటీకి ఉంది కాబట్టి వడ్డీ తక్కువే. పాత అప్పు తీరేకొద్దీ కొత్తది చేస్తే రేటు పెంచకుండానే నెట్టుకురావచ్చు. అలాగని ఊరికే వచ్చే డబ్బు కాదది. “రేటు పెరగదు” అన్న ప్రచారం వింటే, ఈ బాండ్ లేకపోతే రేటు తగ్గేదా అని తిరిగి అడగాలి. సమాధానం చాలాసార్లు అవుననే వస్తుంది. అది తెలిసి కూడా రోడ్డు కావాలనుకుంటే ఓటేయండి, అందులో తప్పేం లేదు.

ఓటర్లని అడగకుండా అప్పు చేయొచ్చా?

చేయొచ్చు. ‘సర్టిఫికెట్ ఆఫ్ ఆబ్లిగేషన్’ అనే దారి ఉంది. ముందుగా ప్రకటన ఇవ్వాలి. నమోదైన ఓటర్లలో 5 శాతం సంతకాలు చేస్తే ఎన్నిక పెట్టి తీరాలి. లక్షల ఓటర్లున్న చోట కొద్దివారాల్లో అన్ని సంతకాలు సేకరించడం ఎంత తేలికో మీరే ఊహించుకోండి. ఓటర్లు కాదన్న పనికే మూడేళ్లలోపు ఈ దారిలో అప్పు తేవడం మాత్రం, కొద్ది మినహాయింపులు తప్ప, కుదరదు.

ఇల్లు చవగ్గా ఉంది, కానీ ‘మడ్ ట్యాక్స్’ అంటున్నారు. అది కౌంటీదా?

కాదు. మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అనే మరో చిన్న ప్రభుత్వానిది. ఊరి బయట పొలాల్లో కొత్త వెంచర్ వేసేటప్పుడు నీళ్ల పైపులు, డ్రైనేజీ వేయడానికి బిల్డరు పెట్టిన ఖర్చుని బాండ్లుగా మార్చి ఇళ్లవాళ్ల దగ్గర వసూలు చేస్తారు. కొనేముందు దాని నోటీసు మీ చేతికివ్వాలని చట్టం. కాగితాల కట్టలో అదొకటి, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేయకుండా ఆ ఒక్క కాగితం చదవండి. ఇంటి ధర పక్కింటి కన్నా తక్కువనిపించడానికి కారణం చాలాసార్లు అందులోనే దొరుకుతుంది.

మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో కాంక్రీట్ ప్లాంట్ వస్తోంది. కౌంటీ ఆపలేదా?

నగర పరిమితుల బయటైతే దాదాపు ఆపలేదు. టెక్సస్‌లో కౌంటీలకి జోనింగ్ అధికారం సాధారణంగా లేదు. రాష్ట్రం ఇచ్చిన అధికారం తప్ప సొంతంగా చట్టాలు చేసుకునే స్వేచ్ఛా లేదు. ప్లాంట్‌కి అనుమతి ఇచ్చేది రాష్ట్ర పర్యావరణ కమిషన్. అభ్యంతరం అక్కడే చెప్పాలి.

హెచ్-1బీ మీద ఉన్నాను. పన్ను కడుతున్నాను, ఓటు లేదు. మీటింగులో మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు. పౌరసత్వంతో పనిలేదు. 2019 నుంచి టెక్సస్ చట్టం ప్రకారం ఎజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడాలనుకున్న ప్రతి ఒక్కరికీ, ఆ అంశం తేలకముందే అవకాశమివ్వాలి. గ్రీన్‌కార్డ్ క్యూలో ఏళ్లు గడిచిపోతున్న మనలాంటివాళ్లకి ఓటు కన్నా ముందు దక్కే హక్కు ఇదే. దీన్ని మనం వాడుకోవడం లేదు.

ఒక్క హెచ్చరిక. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదు చేసుకుంటారా అని అడిగితే, పౌరులు కానివాళ్లు పొరపాటున కూడా అవునని టిక్ పెట్టకండి. ఇమిగ్రేషన్‌లో అది ఎంత దూరమైనా పోతుంది. పౌరసత్వం వచ్చినవాళ్లు ఎన్నికకి 30 రోజుల ముందే నమోదు చేసుకోవాలి.

అమ్మావాళ్లకి ఇంగ్లీషు రాదు. వాళ్లు మాట్లాడాలంటే?

తెలుగులో మాట్లాడి పక్కన ఒకరు అనువదించొచ్చు. అలాంటప్పుడు మామూలు సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అందరికీ మూడు నిమిషాలైతే వాళ్లకి ఆరు. మాటతో పాటే అనువాదం వినిపించే పరికరాలు ఉన్నచోట మాత్రం ఇది వర్తించదు. పౌరసత్వం తీసుకున్న పెద్దవాళ్లు ఓటేసేటప్పుడు బ్యాలెట్ చదవడానికి తమకి నచ్చినవాళ్లని వెంట తెచ్చుకోవచ్చు. యజమాని, యూనియన్ ప్రతినిధి తప్ప కొడుకైనా కోడలైనా ఫరవాలేదు. ఆ వచ్చినవాళ్లు ప్రమాణం చేయాలి.

ఎజెండా, బడ్జెట్ ఎక్కడ దొరుకుతాయి?

కౌంటీ వెబ్‌సైట్‌లో. మీటింగ్ నోటీసు ఒకప్పుడు 72 గంటల ముందు పెడితే చాలు. 2025 సెప్టెంబర్ 1 నుంచి కనీసం మూడు పనిదినాల ముందు పెట్టాలి. శుక్రవారం రాత్రి పెట్టి సోమవారం తేల్చేసే పద్ధతికి దాంతో తెరపడింది. ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది కాబట్టి వేసవంతా బడ్జెట్ కాలమే. దొరకని కాగితాన్ని మన సమాచార హక్కు దరఖాస్తు లాగే రాసి అడగొచ్చు. ఇవ్వడం ఇష్టం లేకపోతే పది పనిదినాల్లో రాష్ట్ర అటార్నీ జనరల్ అభిప్రాయం కోరాల్సిన బాధ్యత వాళ్లదే.

లెక్కలు ఎవరు చూస్తారు?

కౌంటీ ఆడిటర్. ఆయన్ని కమిషనర్లు నియమించరు, డిస్ట్రిక్ట్ జడ్జిలు నియమిస్తారు, రెండేళ్లకోసారి. బిల్లు ఆయన చూడనిదే చెల్లింపు జరగదు.

హెచ్‌ఓఏ ఫీజు మరీ పెంచారు. కమిషనర్‌కి చెప్పమంటారా?

వద్దు. అది ప్రభుత్వమే కాదు, మీ కాలనీవాళ్ల సంఘం. దాని వార్షిక సమావేశం ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. అక్కడ ఓటు ఇంటి యజమానిది, వీసాతో పనిలేదు.